కళను లోకమునకు ధారవోసిన మహానటుడు – బళ్లారి రాఘవ

నీటికి కటకటపడు సీమలో పుట్టిన మనకు దానమనగా నేమో యొకరు బోధింపనక్కరలేదు. భాగవతమునందలి రంతిదేవుని కథను రచ్చబండపై గూర్చుండి విననివారు మన పల్లెలలో నరుదు. నలువదియెనిమిది దినములు పస్తుండి, కడపట దొరకిన యన్నమును అతిథులకు బెట్టి, మిగిలిన గుక్కెడు నీటిని సైతము దప్పిగొనివచ్చిన వానికి ధారవోసిన రాజర్షి యతడు. తనకు మిగిలినది ఇచ్చుట ఒక యెత్తు. తనకు ప్రాణప్రదమైనది ఇచ్చుట మరియొక యెత్తు. పందొమ్మిదవ శతాబ్దమున మన రాయలసీమలో జన్మించి, తనకు ప్రాణప్రదమైన నటనావిద్యను రంతిదేవుడు నీటిని ధారవోసినట్లు లోకమునకు ధారవోసిన మహనీయు డొకడు గలడు. ఆయనయే బళ్లారి రాఘవ.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో నొక నటుని చరిత్ర యేల యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. గ్రంథాలయమైనను, నాటకశాలయైనను పదిమంది కూడి నిలుపుకొనవలసినవే. రెండింటికిని ధనము కావలెను. ఆ ధనమునకు లెక్కయు కావలెను. కళ వలన వచ్చిన సొమ్మెవరిది, అది యెవరికి జేరవలెను అను ప్రశ్నకు రాఘవ తన జీవితముచేతనే యుత్తర మిచ్చెను. ఆ యుత్తరము మన గ్రామమునకు నేటికిని పనికివచ్చునది.

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. అనంతపురము జిల్లా తాడిపత్రిలో 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన నరసింహాచార్యులు, శేషమ్మ దంపతులకు జన్మించెను. అప్పటికి సీమవాసులింకను ధాత కరువును మరువలేదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును దహించిన యా కరువులో మన ప్రాంతపు పల్లెలెన్నియో నిర్మానుష్యము లయ్యెను. గింజకును గంజికిని జనులు అలమటించిన కాలము వెనువెంటనే పుట్టిన తరమది. సాటివాని యాకలి ఊరందరి బాధ్యత యను భావము ఆ తరమువారికి పెద్దల మాటలతోనే యబ్బెను.

రాఘవ పెరిగిన బళ్లారి పట్టణ మొక విచిత్రమైన కూడలి. అచట ఒక వీధిలో తెలుగు, మరియొక వీధిలో కన్నడము, అంగడిలో ఉర్దూ, దండు ప్రాంతమున ఆంగ్లము వినవచ్చుచుండెను. మన బేతంచెర్ల మీదుగా పోవు రైలుదారి డోను దాటి గుంతకల్లు చేరిన పిమ్మట, అచటినుండి మరియొక దారి బళ్లారికి జీలును. దూరమున నది మనకు పొరుగూరు వంటిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రములో జేరినది. నేడది కర్ణాటకములో నున్నది. పాలనలో సరిహద్దు లేర్పడినను, నాటకమునకు మాత్రము ఆ పట్టణమున నెన్నడును సరిహద్దు లేర్పడలేదు.

తెలుగు నాటకమునకు బళ్లారి పుట్టినిండ్లలో నొకటి. రాఘవ మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు వృత్తిచే న్యాయవాది. ప్రవృత్తిచే నాటకకర్త, నటుడు. ఆయన సరస వినోదినీ సభను స్థాపించి, చిత్రనళీయము, విషాద సారంగధర మొదలగు నాటకములను రచించి యాడించెను. ఆంధ్రనాటక పితామహుడని ప్రజ లాయనను గౌరవించిరి. ఆ పట్టణముననే కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపి చారిత్రక నాటకములకు ప్రసిద్ధులైరి. ఇద్దరును వకీళ్లే. పగలు కచ్చేరి, రాత్రి రంగస్థలము అను సంప్రదాయము బళ్లారిలో నీ విధముగా నేర్పడెను. వీరు జీవనమునకు నాటకముపై నాధారపడలేదు. కావున నాటకమును తమ యభిరుచికి దగినట్లు తీర్చుకొనగలిగిరి.

ఈ బళ్లారి నాటకముల ప్రభావము తెలుగువారికి మాత్రమే పరిమితము కాలేదు. 1891లో బళ్లారి బృందమువారు మదరాసునకు బోయి తెలుగు నాటకములను ప్రదర్శింపగా, చూడవచ్చినవారిలో పమ్మల్ సంబంధ ముదలియారను తమిళ యువకు డొకడుండెను. చదువుకొన్న గౌరవనీయులు రంగమెక్కి యింత చక్కగా నటింపగలరా యని యాశ్చర్యపడి, ఆ సంవత్సరమే మదరాసులో సుగుణ విలాస సభను నెలకొల్పెను. తమిళ నాటకరంగమునకు నూతన జీవము పోసిన సంస్థ యది. ఒక భాషవారు వెలిగించిన దీపమునుండి మరియొక భాషవారు తమ దీపమును వెలిగించుకొనిరి; మొదటి దీపమునకు కొరత యేమియు గలుగలేదు. సంస్కృతుల యిచ్చిపుచ్చుకొను వ్యవహార మిట్లుండును. ధాన్య మిచ్చిన గాదె తరుగును. కళ నిచ్చిన తరుగదు.

ఇట్టి వాతావరణమున పెరిగిన రాఘవ పండ్రెండవ యేటనే నాటకములపై మక్కువ చూపెను. మేనమామయే తొలి గురువు. బళ్లారిలో పాఠశాల చదువు ముగించి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడై, తరువాత న్యాయశాస్త్రము చదివి 1905 ప్రాంతమున పట్టాపుచ్చుకొనెను. బళ్లారికి మరలివచ్చి వకీలుగా స్థిరపడి, ముఖ్యముగా క్రిమినలు వ్యాజ్యములలో గొప్ప పేరు, దానితోపాటు ధనమును సంపాదించెను. షేక్‌స్పియరు పేర నొక సంఘమును స్థాపించి ఆంగ్ల నాటకములను బళ్లారిలో నాడించెను. తెలుగు, కన్నడము, హిందీ, ఆంగ్లము అను నాలుగు భాషలలో రంగమెక్కిన నటుడాయన.

ఇక నాయన జీవితమున ముఖ్యమైన విషయమునకు వత్తము. రాఘవ తన నటనకు ప్రతిఫలము పుచ్చుకొనలేదు. కోర్టులో వాదించినందులకు రుసుము తీసికొనెను గాని, రంగముపై నటించినందులకు తీసికొనలేదు. ఆయన నాటకములు పెక్కులు సహాయార్థ ప్రదర్శనములే. ఊరూరను సత్కార్యములకై ధనము కూడబెట్టువారు పిలిచినప్పుడు ఆయన వెళ్లి వేషము గట్టెను. వచ్చిన సొమ్ము ఆ సత్కార్యమునకే చెందెను.

ఇందులోని మర్మము జమాఖర్చు తెలిసినవారికి సులభముగా బోధపడును. నాటకమునకు వచ్చు రాబడి టిక్కెట్ల వలన. ముందు వరుస కుర్చీలు ఊరి సంపన్నులకు హెచ్చు వెలకు, బల్లలు మధ్యతరగతివారికి, నేల సామాన్యజనులకు. ఖర్చులన్ననో శాల బాడుగ, తెరలకును దుస్తులకును కూలి, దీపములు, హార్మోనియము వాయించువాడు, రైలుఛార్జీలు, భోజనములు. వీటన్నిటికంటె పెద్ద పద్దు ప్రసిద్ధ నటునికిచ్చు పారితోషికము. కంట్రాక్టు నాటకములు ప్రబలిన కాలమున ఒక్క రాత్రికి పేరుగాంచిన నటులను గుదుర్చుకొనివచ్చి, టిక్కెట్ల రాబడిలో సింహభాగము వారికే చెల్లించుచుండిరి. అట్టి నాటకమునకు సహాయార్థమని పేరు పెట్టినను, లెక్క తేలిన పిమ్మట సహాయమునకు మిగులున దత్యల్పము. రాఘవ వచ్చినచో నా పెద్ద పద్దు సున్న. జనులు మాత్రము ఆయన పేరు విని వేలంవెర్రిగా వచ్చెదరు. రాబడి పెరిగి ఖర్చు తగ్గగా, మిగులు మొత్తము సత్కార్యమునకు జేరును. దానమనగా జేబులోని రూపాయి తీసి యిచ్చుట యొక్కటియే కాదనియు, తన పేరునకుగల విలువను ఇతరుల ఖాతాలో జమకట్టుటయు దానమేననియు రాఘవ జీవితము మనకు జూపుచున్నది.

ఇట్లని నటనచే జీవించువారిని తక్కువగా జూడరాదు. మన కడప జిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధ నాటకముతో నారంభమైన సురభి నాటక సమాజమువారు తరతరములుగా నాటకమునే వృత్తిగా గొని, కుటుంబములతో గూడ ఊరూర తిరిగి తెలుగు నాటకమును బ్రతికించిరి. వారికి టిక్కెట్టు సొమ్మే కూడు. వారిని ఉచితముగా నాడుడని యడుగుట ధర్మము కాదు. రైతును పంట యూరక యిమ్మనినట్లగును. రాఘవకు వకీలు వృత్తి యన్నము పెట్టినది గనుక నటన నాయన దానము చేయగలిగెను. ఎవరికి వేరు జీవనాధారము గలదో వారు కళను దానమిచ్చుట, ఎవరికి కళయే జీవనాధారమో వారికి సమాజము కూలి నిచ్చుట, ఈ రెండును గూడినప్పుడే న్యాయము.

సహాయార్థమని పేరు పెట్టి నాసిరకపు నాటకము లాడుట లోకమున నెన్నడును గలదే. ధర్మకార్యము గదా యని ప్రేక్షకులు సహింతురు. రాఘవ ఈ వంకను తన కెన్నడును వాడుకొనలేదు. ఆ కాలమున తెలుగు రంగస్థలమున పద్యమునకు రాగమే ప్రాణము. చచ్చిపడిన పాత్రధారి సైతము ప్రేక్షకులు చప్పట్లు కొట్టి మరల నడిగినచో లేచి పద్యము పాడిన సందర్భములను గూర్చి వృద్ధులు నవ్వుచు చెప్పుకొందురు. రాఘవ పాటకంటె మాటకును, మాటకంటె భావమునకును ప్రాధాన్య మిచ్చెను. పద్యమును అర్థము తెలియునట్లు పలికెను. చూపు, నడక, మౌనము వీటితోనే పాత్రను నిలువబెట్టెను. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు, ఔరంగజేబు, కోలాచలమువారి నాటకములోని పఠాను రుస్తుము మొదలైనవి ఆయన ప్రసిద్ధ పాత్రలు. సహజ నటన యని నేడు మనము దేనిని మెచ్చుకొనుచున్నామో దానిని తెలుగు రంగమున స్థాపించినవారిలో నాయన యగ్రగణ్యుడు.

బెంగుళూరులోని అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్ అను సంఘమువారితో రాఘవకు సన్నిహిత సంబంధ ముండెను. 1919లో విశ్వకవి రవీంద్రనాథ టాగూరు బెంగుళూరు వచ్చినప్పుడు రాఘవ నటనను జూచి ప్రశంసించెను. 1927లో గాంధీమహాత్ముడు ఆరోగ్యము కుదుటపడుటకై నందికొండపైనను, బెంగుళూరులోను విశ్రాంతి తీసికొనుచున్న సమయమున, రాఘవ దీనబంధు కబీరు అను హిందీ నాటకమును ప్రదర్శించెను. కొంతసేపు మాత్రమే చూతమని వచ్చిన మహాత్ముడు ప్రార్థనవేళ మించినను లేవలేదనియు, సమయమును జ్ఞప్తికి దెచ్చినవారితో తాము ప్రార్థనలోనే యున్నామను భావము వెలిబుచ్చెననియు పెద్దలు చెప్పుకొందురు. హిందువు లొకచో, ముసల్మాను లొకచో నిలిచిన కాలమున, ఇరువురును తమవాడని చెప్పుకొను కబీరు పాత్రను శ్రీవైష్ణవ కుటుంబమున పుట్టిన తెలుగువాడు, కన్నడ నగరమున, హిందీ భాషలో, గుజరాతీయుడైన మహాత్ముని యెదుట ధరించెను. సంస్కృతుల సమ్మేళనమునకు వేరొక నిర్వచన మక్కరలేదు.

రాఘవ దానమునందు పోగొట్టుకొనునది లేదని కొందరనవచ్చును. చప్పట్లు దక్కినవి, పేరు దక్కినది. కాని యాయన తన పేరునే పణముగా నొడ్డిన ఘట్టమొకటి గలదు. అది రంగస్థలమున స్త్రీల ప్రవేశము. సురభివారి కుటుంబములలో స్త్రీలు మొదటినుండియు వేషములు ధరించుచునే యుండిరి. కాని చదువుకొన్నవారి నాటకసభలలో మాత్రము స్త్రీపాత్రలను పురుషులే ధరించుట యాచారము. ఆ పాత్రలలో నారితేరిన పురుషులకు గొప్ప కీర్తియు నుండెను. స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెననియు, విద్యావంతులైన గృహిణులు, కుటుంబ స్త్రీలు రంగమెక్కుట తప్పు కాదనియు రాఘవ పట్టుబట్టెను. కొప్పరపు సరోజిని, పద్మావతి, అన్నపూర్ణ మొదలగువారు ఆయన ప్రోత్సాహముతో రంగమునకు వచ్చిరి. పి. వి. రాజమన్నారుగారు రచించిన తప్పెవరిది వంటి సాంఘిక నాటకములను రాఘవ ప్రదర్శించుటకును ఈ మార్పే తోడ్పడెను. సంసారములోని సమస్యను మీసము గొరిగించుకొన్న పురుషుడు స్త్రీవేషమున చెప్పినచో నవ్వులపాలగును గదా.

ఈ ప్రయత్నము సులభముగా సాగినది కాదు. స్త్రీపురుషులు కలిసి నటించుటను గూర్చి లోకము నిందలాడెను. నిందకు వెరచి రాఘవ పాత యాచారమునకే కట్టువడి యున్నచో ఆయన కీర్తికి లోటు రాకయే యుండెడిది. ఆయన వెనుదీయలేదు. ఊరి సత్కార్యమునకు ఊరిలో సగముమంది, అనగా స్త్రీలు, ప్రేక్షకులుగా మాత్రమే యుండి ధనమిచ్చుటయేనా, కళలో పాలు పంచుకొనుట కూడదా యను ప్రశ్న యిందు గలదు. నేడు మన బాలికలు పాఠశాల వార్షికోత్సవములలో నిర్భయముగా రంగమెక్కుచున్నారన్న, ఆ త్రోవను వేసినవారిలో రాఘవయు నొకడు.

1928వ సంవత్సరమున రాఘవ సముద్రయానము చేసి ఇంగ్లండునకు బోయెను. అచటి నాటకశాలలను, నటులను పరిశీలించెను. ప్రసిద్ధ నాటకకర్త బెర్నార్డ్ షా మహాశయుని గలిసికొనెను. పరదేశమునకు బోయి వచ్చినవారిలో కొందరు అచటిదంతయు గొప్ప, ఇచటిదంతయు హీనమని తలతురు. మరికొందరు ఇచటిదే గొప్ప, అచట నేర్వదగిన దేమియు లేదని తలతురు. షేక్‌స్పియరును బళ్లారిలో నాడి, హరిశ్చంద్రుని కన్నీటితో మెప్పించిన రాఘవకు ఈ రెండు వెర్రులును లేవు. మంచి నీరు ఏ బావిదైనను తోడుకొనుట, తన బావినీటిని దప్పిగొన్నవారికి బోయుట ఆయన పద్ధతి. యాదృచ్ఛికముగా నదే 1928లో మనకు సమీపముననున్న నంద్యాలలో జరిగిన సభలో మన దత్తమండలములకు రాయలసీమయను నామము స్థిరపడెను. సీమకు పేరు వచ్చిన యేడే సీమబిడ్డ పశ్చిమదేశముల నాటకశాలలలో పాదము మోపెను.

చలనచిత్రములు వచ్చిన పిమ్మట రాఘవ వాటిలోను నటించెను. 1936లో ద్రౌపదీ మానసంరక్షణము చిత్రమున దుర్యోధనుడయ్యెను. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు నిర్మించిన రైతుబిడ్డలో పాత్ర వహించెను. రైతుల కడగండ్లను జూపిన యా చిత్రమును జమీందారులు కొందరు తీవ్రముగా నెదిరించిరి. 1940లో చండిక చిత్రము వెలువడినది. అయినను ఆయన హృదయము తెరపైకంటె రంగముపైనే యుండెను. రంగమునందు ప్రేక్షకుని నిట్టూర్పు నటుని చెవి సోకును. తెరపై నా భాగ్యము లేదు.

1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాఘవ కీర్తిశేషుడయ్యెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు ఏడాదికి పైగా నింకను వ్యవధి యున్నది. ఆయన పేర బళ్లారిలో రాఘవ కళామందిరము వెలసినది. 1981లో భారత తపాలాశాఖవారు ఆయన చిత్రముతో తపాలాబిళ్లను విడుదల చేసిరి. తెలుగువారును, కన్నడిగులును ఆయనను తమవాడని చెప్పుకొనుచున్నారు. ఇద్దరి మాటయు నిజమే.

ఇక మన గ్రామము సంగతి. బేతంచెర్ల నాపరాతికి పేరుగన్న ఊరు. మన బండలు పరచిన యిండ్లు దూరదేశములలో నున్నవి. గని కార్మికులు, రైతులు, వర్తకులు, ఉద్యోగులు కలిసియున్న యీ యూర, మద్దిలేటి నరసింహస్వామి తిరునాళ్లకు దిక్కుదిక్కుల జనము వచ్చు నీ ప్రాంతమున, హరికథకైనను, నాటకమునకైనను, చెక్కభజనకైనను, కోలాటమునకైనను కొరత లేదు. కొరత యున్నది రెండు విషయములలో. మొదటిది, వేడుకకు వచ్చిన సొమ్ము వేడుకతోనే కరగిపోవుట. రెండవది, లెక్క పదిమంది యెదుట చదువకపోవుట.

రాఘవ చరిత్ర చదివిన మనము ఏడాదికొక్క నాటకమైనను గ్రంథాలయమునకో, చదువు మానిన గనికూలీ బిడ్డల పుస్తకములకో, జబ్బుపడిన బీదల వైద్యమునకో అంకితము చేయవచ్చును. ఉద్యోగములు గలవారు పారితోషికము లేక వేషము గట్టవలెను. హార్మోనియము వాయించువానికి, తెరలు గట్టువానికి, వృత్తి కళాకారునికి మాత్రము కూలి పూర్తిగా నీయవలెను. ఒక్కొక్కప్పుడు పొరుగు కన్నడసీమనుండి నాటకబృందమును పిలిపించి, మన బృందమును అచటికి బంపవలెను. ఆడపిల్లల పాత్రలను ఆడపిల్లలకే యీయవలెను. నాటకము ముగిసిన మూడవనాడు గ్రంథాలయపు గోడపై జమ, ఖర్చు, మిగులు అను మూడు వరుసలతో లెక్క అంటింపవలెను. ఆ కాగితమును చదివిన గ్రామస్థుడు మరుసటి యేడు అడుగకయే టిక్కెట్టు కొనును.

పెద్ద నటుడు గావలెనని యెవరును నియమము పెట్టలేదు. రాఘవ వంటి ప్రతిభ కోటికొక్కరికి. కాని తన విద్య వలన వచ్చిన ఫలమును ఊరి ఖాతాలో జమకట్టు బుద్ధి ప్రతివానికిని సాధ్యము. ఇరువదియైదేండ్లుగా చందాదారుల కొద్దికొద్ది సొమ్ముతో నిలిచిన మన గ్రంథాలయమే యిందులకు సాక్ష్యము. ఈ రజతోత్సవ శుభసమయమున ఆ సద్బుద్ధి మన పిల్లలలో మొలకెత్తి, మన యూరి రంగస్థలమును మన యూరి గ్రంథాలయమును ఒకదానికొకటి తోడై వర్ధిల్లునుగాక.